హైవే మెయింటెనెన్స్‌కి జనాన్ని, అధికారుల్ని ఒప్పించడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్ల మెయింటెనెన్స్ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కన్నా ఒకచోట పెడితే నయం అనిపించింది. మీకు ఏ ప్రశ్న అవసరమో అదొక్కటే చదువుకోండి, మిగతావి వదిలేసినా అర్థమవుతుంది. పూర్తిగా పాడైపోయిన రోడ్డు బాగుచెయ్యండి అంటే కాదనే వాళ్లు ఉండరు. ఇంకా బాగానే కనిపిస్తున్న రోడ్డు మీద ఇప్పుడే డబ్బు పెట్టండి అని ఒప్పించడం కష్టం. నేను రాసిందంతా ఆ కష్టమైన పని కోసమే.

## మొదలుపెట్టే ముందు

మెయింటెనెన్స్ అంటే గుంతలు పూడ్చడమేగా, దానికి ఇంత ప్రచారం ఎందుకు?

కాదండి. గుంత పడిందంటే మెయింటెనెన్స్ అప్పటికే లేటయినట్టు. అసలు పని అంతకు చాలా ముందు ఉంటుంది. పక్క కాలువల్లో పూడిక తియ్యడం, కల్వర్టు మూతిలో ఇరుక్కున్న చెత్త లాగెయ్యడం, రోడ్డు అంచున ఉన్న మట్టి షోల్డర్ల మీద నీళ్లు నిలవకుండా వాలు సరిచెయ్యడం, సన్న పగుళ్లలో తారు పొయ్యడం, చెరిగిన లేన్ గీతలు మళ్లీ వెయ్యడం, బోర్డులకి అడ్డొచ్చిన కొమ్మలు కొట్టెయ్యడం, ఇవన్నీ ఏడాది పొడుగునా జరుగుతూ ఉండాలి, దీన్నే రొటీన్ మెయింటెనెన్స్ అంటారు. కొన్నేళ్లకోసారి పైన పల్చగా కొత్త పొర వేస్తే అది పీరియాడిక్ మెయింటెనెన్స్. ఈ రెండూ ఎగ్గొడితే ఇక మిగిలేది తవ్వి మళ్లీ వెయ్యడమే. ప్రచారం ఎందుకంటే, ఈ మొదటి రెండు పనులు జరిగినా జరక్కపోయినా వెంటనే ఎవరికీ తేడా తెలీదు, బడ్జెట్‌లో కోత పడాల్సి వచ్చినప్పుడు ముందు వీటి మీదే పడుతుంది.

రోడ్డు బాగానే ఉందిగా, పాడయ్యాక చూసుకోవచ్చుగా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. తారు రోడ్డు రోజుకింత అని సమానంగా అరిగిపోదు. మొదటి కొన్నేళ్లు దాదాపు అలాగే ఉంటుంది, తర్వాత ఒక దశ దాటాక చాలా స్పీడుగా పడిపోతుంది. పైపొర ఎండకి గట్టిపడి పగులుతుంది, పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, కింద ఉన్న కంకర మెత్తబడుతుంది, అప్పటి నుంచి ప్రతి బరువైన బండీ దాన్ని లోపల్నుంచి విరగ్గొడుతుంది. పగులు దశలో పట్టుకుంటే పైపైన అయిపోయే పని, కింద పొర పోయాక మొత్తం తవ్వాలి.

దక్షిణాఫ్రికా జాతీయ రోడ్ల సంస్థ వేసిన అంచనా ఒకటి చాలా చోట్ల చెప్తారు, మూడేళ్లు పట్టించుకోకపోతే రిపేరు ఖర్చు మెయింటెనెన్స్ ఖర్చుకి 6 రెట్లు, ఐదేళ్లు వదిలేస్తే 18 రెట్లు అని. ప్రపంచ బ్యాంకు 1988లో 85 అభివృద్ధి చెందుతున్న దేశాల రోడ్లు చూసి, 1,200 కోట్ల డాలర్ల లోపు టైముకి పెట్టి ఉంటే సరిపోయేదానికి, పెట్టకపోవడం వల్ల 4,500 కోట్ల డాలర్ల దాకా విలువైన రోడ్లు పోయాయని లెక్క తేల్చింది. ఆ డబ్బు మిగిల్చినట్టు అప్పట్లో అందరూ అనుకున్నారు. అది మిగల్లేదు, రోడ్డు మీద అప్పుగా పేరుకుంది.

రోడ్డు అసలు పాడయ్యేది నీళ్ల వల్లా, లారీల వల్లా, నాసిరకం పని వల్లా?

మూడూ నిజమే, మూడూ కలిసే పనిచేస్తాయి. కానీ జనం దృష్టిని ఒక్కదాని మీద నిలబెట్టాలంటే నేను నీళ్లనే ఎంచుకుంటాను, ఎందుకంటే మామూలు మనిషి కళ్లతో చూసి ఇక్కడ నీళ్లు నిలుస్తున్నాయి అని చెప్పగలడు, పారతో సరిచెయ్యగలిగిన పని కూడా అదొక్కటే. చలి దేశాల్లో ఇంకో బాధ, పగులులో ఉన్న నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పగులు పెద్దదవుతుంది, మంచు కరిగాక అక్కడే గుంత.

ముందు బాగా పాడైన రోడ్డే బాగుచెయ్యాలి కదా, న్యాయం అదేగా?

వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ ఉన్న డబ్బంతా అలాగే పెడితే ఏటా మొత్తం మీద రోడ్ల పరిస్థితి దిగజారుతూనే ఉంటుంది. పూర్తిగా పోయిన ఒక కిలోమీటరుని మళ్లీ వేసే డబ్బుతో ఇంకా బాగున్న ఎన్నో కిలోమీటర్లకి పగుళ్లు మూసి పైపొర వెయ్యొచ్చు. వాటిని వదిలేస్తే రెండు మూడేళ్లలో అవీ పోయినవాటి లిస్టులో చేరతాయి. అలాగని గుంతల్లో పడి లేస్తున్న వాళ్లని మీరు ఆగండి అనలేం కదా, అనకూడదు కూడా. నేను చెప్పేది ఏంటంటే బడ్జెట్‌ని రెండు ఖాతాలుగా విడగొట్టమని అడగండి. మెయింటెనెన్స్ ఖాతా ముట్టుకోకూడదు, పునర్నిర్మాణం ఖాతాలోంచి పోయిన రోడ్లు ఒక్కొక్కటిగా వెయ్యాలి. రెండూ ఒకే సంచిలో ఉంటే గట్టిగా అరిచే రోడ్డుకే అంతా పోతుంది.

నేను ఇంజనీర్‌ని కాదు, నా మాట ఎవరు వింటారు?

మంచి రోడ్ల కోసం పెద్ద ఎత్తున జనాన్ని కదిలించింది ఇంజనీర్లు కాదు, సైకిళ్లు తొక్కేవాళ్లు. అమెరికాలో 1880లో పెట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే సైకిల్ సంఘం గుడ్ రోడ్స్ ఉద్యమాన్ని ముందుకు తోసింది, పత్రిక నడిపింది, 1893కల్లా ఫెడరల్ ప్రభుత్వంలో రోడ్ల కోసం ఒక ఆఫీసు పుట్టింది.

నాకు ఇంకా బాగా నచ్చేది డి. వార్డ్ కింగ్ అనే మిస్సోరీ రైతు కథ. ఆయన దుంగని నిలువుగా చీల్చి, ఆ రెండు చెక్కల్ని కలిపి గుర్రాలకి కట్టి, వాన వెలిశాక తన ఇంటి ముందు మట్టిరోడ్డు మీద లాగేవాడు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. కొన్నాళ్లకి ఆయన ముక్క గట్టిగా నున్నగా, మిగతా రోడ్డు బురదగా, దారిన పోయేవాళ్లకి చూస్తేనే తెలిసిపోయింది. తర్వాత ఊరూరా తిరిగి అదే చెప్పాడు, వేల మంది చేశారు. డిగ్రీ ఉందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు, రోడ్డు చూశారు అంతే.

## ఆధారాలు పోగుచేసేటప్పుడు

ఫోటోలు తీసి పంపిస్తే చాలదా?

ఒక్క ఫోటో కంప్లైంట్ అవుతుంది, ఒకే చోట మళ్లీ మళ్లీ తీసిన ఫోటోలు సాక్ష్యం అవుతాయి. ఒక చిన్న ముక్క ఎంచుకోండి, రెండు మూడు కిలోమీటర్లు చాలు. కిలోమీటర్ రాయి కనపడేలా, ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే వైపు తీసి తేదీ వెయ్యండి. వాన పడుతున్నప్పుడు ఒకసారి, ఆగిన గంటకి ఒకసారి తప్పకుండా తియ్యండి, నీళ్లు ఎక్కడ నిలిచాయో ఎండ రోజున మీరు ఎంత చెప్పినా ఎవరికీ కనపడదు. పగులు పక్కన ఒక నాణెం పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. ఆరు నెలలకి వేలు పట్టని పగులు చెయ్యి పట్టేంత గుంత ఎలా అయ్యిందో ఆ ఫోటోల వరసే చెప్తుంది. ఫోటో కోసం ట్రాఫిక్ మధ్యలోకి మాత్రం వెళ్లకండి, షోల్డర్ దాటొద్దు.

ఫోటోలతో పాటు ఒక నోటుబుక్కులో ఏ రోజు ఏం చూశారో రాయండి, కాలువ మూసుకుపోయింది, బోర్డు పడిపోయింది, గీతలు రాత్రిపూట కనపడట్లేదు, ఇలా. ఇంత బోరింగ్ పని ఎవరూ చెయ్యరు కాబట్టే చేసినవాళ్ల దగ్గర ఉన్నదానికి విలువ.

ఐఆర్ఐ, పీసీఐ అంటున్నారు మీటింగుల్లో, అవేంటి?

ఐఆర్ఐ అంటే రోడ్డు మీద పోతుంటే బండి ఎంత ఊగుతుందో కొలిచే అంతర్జాతీయ సూచిక, 1982లో బ్రెజిల్‌లో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగిన ప్రయోగాల్లోంచి వచ్చింది, కిలోమీటరుకి ఇన్ని మీటర్లు అని చెప్తారు, అంకె ఎంత తక్కువైతే రోడ్డు అంత నున్నగా ఉన్నట్టు. పీసీఐ దానికి ఉల్టా, పగుళ్లు గుంతలు లెక్కపెట్టి 100కి మార్కులు వేస్తారు, ఎక్కువ వస్తే మంచిది. మీరు కొలవక్కర్లేదు. మీ రోడ్డుకి చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది, అంతకు ముందు ఎంత అని అడిగితే చాలు. కొలవనే లేదు అని జవాబొస్తే అదే మీ మొదటి డిమాండ్.

వంతెనలు కూడా ఇందులో కలపాలా?

కలపండి, కానీ జాగ్రత్తగా. 1983 జూన్‌లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మియానస్ నది వంతెనలో ఒక స్పాన్, అంటే స్తంభాల మధ్య ఉండే ముక్క, కూలి ముగ్గురు పోయారు. నీళ్లు పోయే డ్రెయిన్లని పదేళ్ల ముందు రోడ్డు వేసేటప్పుడు మూసేశారు, తుప్పు పట్టి పిన్నులు జారాయి. 2022 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన కూలింది, అక్కడా మూసుకుపోయిన డ్రైనేజీ, తుప్పు, తనిఖీ రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ రాసినా జరగని రిపేర్లు. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. ఈ రెండూ మెయింటెనెన్స్ గురించి చెప్పడానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణలు.

కానీ 2007లో మినియాపొలిస్‌లో 13 మంది చనిపోయిన ఐ-35డబ్ల్యూ వంతెనని మెయింటెనెన్స్ లోపం అని చెప్పకండి. దానికి అసలు కారణం డిజైన్‌లో గసెట్ ప్లేట్లు, అంటే ఉక్కు దూలాల్ని అతుకుల దగ్గర కలిపి పట్టుకునే పలకలు, పల్చగా పెట్టడం అని దర్యాప్తులో తేలింది. తప్పు ఉదాహరణ ఒక్కటి చెప్పినా ఎదురుగా కూర్చున్న ఇంజనీరు మీ మిగతా మాటలు కూడా నమ్మడు.

## జనంతో మాట్లాడేటప్పుడు

జనానికి ఎలా చెప్తే ఎక్కుతుంది?

గ్రాఫులతో ఎక్కదు, నేను ప్రయత్నించాను. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నాం" అన్న సామెతే పది స్లైడ్ల పని చేస్తుంది, దాని వెనకాల మీ రోడ్డు ఫోటోలు రెండు పెట్టండి. ఇంటి డాబా లీకేజీ, బండికి ఆయిల్ మార్చడం, పిప్పి పన్ను, వీటిల్లో ఏదో ఒకటి ప్రతి మనిషీ ఆలస్యం చేసి అనుభవించి ఉంటాడు, అక్కడ మొదలుపెట్టండి.

ఇంకోటి, రోడ్డు గురించి తక్కువ మాట్లాడి రోడ్డు మీద తిరిగే మనిషి గురించి ఎక్కువ మాట్లాడండి. అంబులెన్స్‌కి పట్టే టైము, రాత్రిపూట గీతలు కనపడక ఎదురొచ్చే లైట్లకి తడబడే డ్రైవరు, గుంత తప్పించబోయి పక్క లేన్లోకి వెళ్లే బైకు. బాగా రద్దీ ఉన్న రోడ్డు మీద అయితే ప్రభుత్వం పెట్టే ఖర్చు కన్నా ఆ రోడ్డు వాడేవాళ్లు టైర్లకి, సస్పెన్షన్‌కి, ఇంధనానికి, టైముకి పెట్టుకునేది చాలా రెట్లు ఎక్కువ, అంటే మెయింటెనెన్స్ ఆపితే ఖర్చు ఆగలేదు, ప్రభుత్వం జేబులోంచి మన జేబుకి మారింది. ఈ మాట అందరికీ అర్థమవుతుంది.

"ముందు తినేవాళ్లని ఆపండి, తర్వాత డబ్బు అడగండి" అంటున్నారు, ఏం చెప్పాలి?

వాళ్లతో వాదించకండి, వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది, చాలామంది కళ్లముందే వేసిన రోడ్డు ఒక్క వానకే లేచిపోయింది. మీరు చెప్పాల్సింది మెయింటెనెన్స్‌ని లెక్కలు బయటపెట్టి చెయ్యమని అడుగుతున్నాం అని. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఏం పని, ఎవరు చేశారు, ఎంతయ్యింది, ఎన్నాళ్లు గ్యారంటీ, ఈ ఐదూ రోడ్డు పక్క బోర్డు మీద రాయాలి అని మీ డిమాండ్లలో ముందు వరసలో పెట్టండి. అనుమానపడేవాడే ఆ బోర్డుని రోజూ చదివేవాడు అవుతాడు, అలాంటి మనిషి మనతో ఉండాలి.

గుంతల చుట్టూ రంగులు వెయ్యడం, మొక్కలు నాటడం లాంటివి పనిచేస్తాయా?

గుంత పూడ్చడానికి పనిచేస్తాయి, రోడ్డుని కాపాడ్డానికి పెద్దగా పనిచెయ్యవు. 2012లో రష్యాలో యెకాతెరిన్‌బర్గ్‌లో గుంతల చుట్టూ నాయకుల ముఖాలు గీశారు, అధికారులు ముందు మనుషుల్ని పంపి ఆ బొమ్మలు కనపడకుండా రంగు కొట్టించారు, బొమ్మలు గీసినవాళ్లు అదీ వీడియో తీసి పెట్టాక అప్పుడు గుంతలు పూడ్చారు. 2015లో పనామా సిటీలో గుంతల్లో చిన్న పరికరాలు పెట్టారు, బండి ఎక్కినప్పుడల్లా ఆ గుంతే ప్రభుత్వ శాఖకి ట్వీట్ పెట్టేది. బ్రిటన్‌లో 2007 నుంచి ఉన్న ఫిక్స్‌మైస్ట్రీట్ లాంటి సైట్లు ఇంకా పద్ధతిగా చేస్తాయి, కంప్లైంట్ ఎక్కడికెళ్లింది ఏమైంది అందరికీ కనపడుతుంది. ఇవన్నీ జనం దృష్టి తిప్పుతాయి, అది అవసరమే. కానీ అవమానం భయంతో చేసిన ప్యాచ్ సాధారణంగా హడావుడి ప్యాచ్. జనం గుమిగూడిన ఆ వారంలోనే "ఈ గుంత ఎందుకు పడింది, ఆ కాలువ ఎప్పుడు తీస్తారు" అని రెండో ప్రశ్న అడగండి.

పని జరిగితే ట్రాఫిక్ ఆగిందని తిడతారు, జరక్కపోతే గుంతలని తిడతారు, వీళ్లని ఎలా ఒప్పించాలి?

తిట్టేది పనిని కాదు, చెప్పకుండా మొదలుపెట్టడాన్ని. ఏ రోజుల్లో, ఏ టైములో, ఏ వైపు మూస్తారో వారం ముందు చెప్పి, చెప్పిన రోజుకి తెరిస్తే జనం ఓర్చుకుంటారు. అధికారుల్ని అడగాల్సింది అదే, మీ గ్రూపు ఆ సమాచారం నలుగురికీ చేరవెయ్యగలదని కూడా చెప్పండి, వాళ్లకది నిజంగా సాయం. అక్కడ ఎండలో పనిచేసే వాళ్ల పక్కనుంచి స్పీడు తగ్గించి వెళ్లమని కూడా ప్రచారంలో చెప్పండి, రోడ్డు పని దగ్గర బండి తగిలి పోయేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

రోడ్లు పాడుచేసేది ఓవర్‌లోడ్ లారీలేగా, వాళ్ల మీద గట్టిగా వెళ్లొచ్చా?

లెక్క మాత్రం మీ వైపే ఉంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్‌లోని ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి వాటి మీద సైనికుల చేత లారీలు తిప్పించి చూశారు, ఆ ప్రయోగంలో తేలింది ఏంటంటే దెబ్బ బరువుతో సమానంగా పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ సుమారు 16 రెట్లు, 20 శాతం ఎక్కువ ఎక్కించినా దెబ్బ దాదాపు డబుల్. కార్లు రోడ్డుని అరగదీసేది దీని ముందు లెక్కలోకే రాదు.

కానీ డ్రైవర్ని విలన్ని చెయ్యకండి. లోడు ఎంత అన్నది ఎక్కువసార్లు సరుకు యజమాని, బండి యజమాని నిర్ణయిస్తారు, గతుకుల రోడ్డు మీద నడుం పోగొట్టుకునేది డ్రైవరు. లారీ బరువు తూచే వెయిబ్రిడ్జి సరిగ్గా పనిచెయ్యాలి, జరిమానా లోడు ఎక్కించిన వాడికీ పడాలి అని అడగండి. లారీ సంఘాలు రోడ్డు మెయింటెనెన్స్‌కి మద్దతు పలికితే అధికారుల దగ్గర ఆ బరువే వేరు, ఆ తలుపు మనమే మూసుకోకూడదు.

## అధికారులు, నాయకుల దగ్గర

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

రోడ్డు ఎవరిదో తేల్చుకోండి ముందు. ఒకే దారిలో కొంత దూరం జాతీయ సంస్థది, కొంత రాష్ట్రం లేదా ప్రాంతానిది, ఊళ్లోకి రాగానే మున్సిపాలిటీది అయ్యుంటుంది, తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ నెలలు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. తర్వాత అన్నిటికన్నా కిందిస్థాయి ఇంజనీర్ని కలవండి, పెద్దాయన్ని కాదు. ఆ రోడ్డు ఎక్కడ పోతోందో ఆ మనిషికి మనకంటే బాగా తెలుసు, చాలాసార్లు ఆయన ఇప్పటికే ఎస్టిమేట్ రాసి పంపి ఉంటాడు, అది పైన ఎక్కడో ఆగి ఉంటుంది. నేను మొదట్లో నేరుగా పై ఆఫీసుకి వెళ్లి కింద ఇంజనీరు గారి మీద కంప్లైంట్ ఇచ్చాను, తీరా చూస్తే నేను అడిగిందే ఆయన రెండుసార్లు రాసి పంపారు. వెళ్లి క్షమించమని అడిగాను, ఆ తర్వాత ఆయన చెప్పినంత ఎవరూ నాకు చెప్పలేదు.

"ఫండ్స్ లేవండి" అంటే ఇంకేం మాట్లాడాలి?

అక్కడ ఆగిపోవద్దు, మూడు ప్రశ్నలు మెల్లగా అడగండి. ఈ రోడ్డు మెయింటెనెన్స్‌కి మీరు ఈ ఏడాది ఎంత అడిగారు, ఎంత వచ్చింది, రానిదాని వల్ల ఏ పని ఆగింది. ఈ మూడు జవాబులు రాతపూర్వకంగా వస్తే చాలు, ఆ అధికారి మీకు ప్రత్యర్థి కాదు, సాక్షి. ఫండ్స్ లేనప్పుడు కూడా జరగగలిగిన పనులు ఉంటాయి, కాలువ పూడిక, కొమ్మలు, కల్వర్టు మూతులు, వీటికి మనుషులు పారలు చాలు. వానలు మొదలయ్యే లోపు ఇవి మాత్రం చెయ్యండి అని అడిగితే కాదనడం కష్టం, అది జరిగితే పైపొర ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.

ఎన్నికైన నాయకుడికి దీంట్లో ఏం లాభం? కొత్త రోడ్డయితే ప్రారంభోత్సవం ఉంటుంది.

ఈ ఇబ్బంది నిజమైనదే, దాన్ని కాదనకుండా వాళ్లకి చూపించుకోడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 1998 నుంచి రోడ్లకి, వంతెనలకి స్కూల్లో ఇచ్చినట్టు గ్రేడు ఇస్తోంది, 2021లో రోడ్లకి డి, 2025లో డి ప్లస్. ఒక్క అక్షరం కాబట్టి పేపర్లు రాస్తాయి, నాయకులు దాన్ని పెంచామని చెప్పుకుంటారు. మీ ప్రాంతంలో రోడ్లలో ఎంత శాతం బాగున్నాయి, ఎంత ఫర్వాలేదు, ఎంత పోయాయి అని ఏటా ఒకే పద్ధతిలో చెప్పే చిన్న కార్డు చెయ్యండి, ఆ శాతం పడిపోకుండా నిలబెట్టినందుకు నలుగురి ముందు థాంక్స్ చెప్పండి.

రెండోది పని. పెద్ద ప్రాజెక్టు డబ్బులో ఎక్కువ భాగం మెషీన్లకి, సరుకుకి పోతుంది, రొటీన్ మెయింటెనెన్స్‌లో ఎక్కువ భాగం చుట్టుపక్కల మనుషుల కూలికి పోతుంది. 1983లో బంగ్లాదేశ్‌లో కేర్ సంస్థ మొదలుపెట్టిన కార్యక్రమంలో ఆధారం లేని గ్రామీణ స్త్రీలే ఏడాదంతా మట్టిరోడ్లు చూసుకునేవాళ్లు. హైవే మీద రద్దీ వేరు, సేఫ్టీ జాగ్రత్తలు వేరు, కానీ కాలువలు, గడ్డి, షోల్డర్ల పని అలాంటిదే.

అర్జీలో ఏం రాయాలి, ఎంత రాయాలి?

ఒక పేజీ. కోపం వద్దు, చరిత్ర వద్దు. నేను వాడేది ఇలా ఉంటుంది: "ఫలానా రోడ్డులో 12వ కిలోమీటరు నుంచి 14 దాకా ఎడమవైపు కాలువ పూడిపోయి వాన నీళ్లు రోడ్డు మీద నిలుస్తున్నాయి. ఫలానా తేదీల్లో తీసిన ఫోటోలు జతచేశాం. పగుళ్లు ఇంకా సన్నగానే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు కాలువ పూడిక తీసి పగుళ్లు మూస్తే సరిపోతుందని మా మనవి. వానలకి ముందు ఈ పని ఎప్పుడు చెయ్యగలరో రాతపూర్వకంగా తెలపగలరు." చోటు, కారణం, సాక్ష్యం, పని, గడువు, అంతే. "ఈ రోడ్డు బాగుచెయ్యండి" అని రాస్తే ఏం చెయ్యాలో తెలీక ఫైల్లో పెడతారు.

## డబ్బు మాట వచ్చినప్పుడు

పన్ను పెంచుతామంటే జనం ఎక్కడైనా ఒప్పుకుంటారా?

ఒప్పుకున్న చోట్లు ఉన్నాయి, తేడా ఎక్కడుందో చూడండి. 2015 మేలో అమెరికాలోని మిషిగన్‌లో రోడ్ల కోసం అని ఓటింగ్ పెట్టారు, అందులో అమ్మకపు పన్ను పెంపుతో పాటు స్కూళ్లు, స్థానిక సంస్థలు, వేరే పన్ను రాయితీలు అన్నీ కలిపేశారు, 80 శాతం మంది వద్దన్నారు. అక్కడి రోడ్లు బాగున్నాయని కాదు, తమ డబ్బు ఎటు పోతుందో అర్థం కాలేదు. కాలిఫోర్నియాలో 2017లో పెట్రోలు మీద గ్యాలన్‌కి 12 సెంట్లు పెంచారు. 2018 జూన్‌లో ఆ డబ్బు రవాణాకి తప్ప వాడకూడదని ఓటుతో తాళం వేశారు, 80 శాతం పైగా అవునన్నారు. అదే ఏడాది నవంబర్‌లో ఆ పెంపునే రద్దు చెయ్యాలని ఓటింగ్ వస్తే సగానికి పైగా రద్దు వద్దన్నారు. ఒకే పని, ఒకే డబ్బు, దానికి తాళం, నేను దీన్నుంచి నేర్చుకుంది ఇదే.

రోడ్ ఫండ్ అంటే ఏంటి, దాంతో నిజంగా ఉపయోగం ఉందా?

రోడ్డు వాడేవాళ్ల దగ్గర వసూలు చేసింది రోడ్డుకే వాడేలా విడిగా పెట్టిన ఖాతా. ఇంధనం మీద పన్ను వేసి రోడ్లకి వాడటం అమెరికాలో ఓరెగన్ 1919లో మొదలుపెట్టింది, పదేళ్లలో మిగతా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. 1990ల నుంచి ఘనా, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాలు ఫండ్‌ని చూసుకునే బోర్డుల్లో రోడ్డు వాడేవాళ్ల ప్రతినిధుల్ని కూడా కూర్చోబెట్టాయి, నాకు ముఖ్యం అనిపించేది అదే, అక్కడ కూర్చున్న లారీ సంఘం మనిషి మెయింటెనెన్స్ డబ్బు ఇంకెక్కడికో పోతుంటే ఊరుకోడు.

లోపాలూ ఉన్నాయి. పన్ను రేటు అలాగే ఉండిపోతే ధరలు పెరిగే కొద్దీ ఫండ్ కరిగిపోతుంది, అమెరికా ఫెడరల్ పెట్రోలు పన్ను 1993 నుంచి గ్యాలన్‌కి 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. ఎలక్ట్రిక్ బండ్లు పెరిగితే ఇంధనం మీద వచ్చేది ఇంకా తగ్గుతుంది, అందుకే న్యూజిలాండ్ 1978 నుంచి కొన్ని రకాల బండ్ల దగ్గర తిరిగిన దూరం, బరువు చూసి వసూలు చేసే పద్ధతి మీద ఇప్పుడు చాలా దేశాలు ఆసక్తి చూపిస్తున్నాయి.

కొన్నేళ్ల పాటు కాంట్రాక్టర్‌కే రోడ్డు అప్పజెప్తే నయం కాదా?

సరిగ్గా రాసుకుంటే నయమే. పోసిన తారుకి లెక్కగట్టి ఇవ్వకుండా రోడ్డు ఉన్న స్థితికి లెక్కగట్టి నెలనెలా ఇవ్వడం ఇందులో కీలకం, గుంత ఇన్ని గంటల్లో పూడాలి, గీతలు ఇంత వెలుగు ఇవ్వాలి, లేకపోతే కోత. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 1988లోనే మెయింటెనెన్స్‌ని ప్రైవేటు కాంట్రాక్టులకి ఇచ్చింది, అర్జెంటీనా 1990లలో రోడ్డు బాగుచేసి ఐదేళ్లు చూసుకునే కాంట్రాక్టులు పెట్టింది, భారత్‌లో గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వైలో కూడా వేసినవాడే ఐదేళ్లు చూసుకోవాలి. కొలిచే అధికారి స్వతంత్రంగా లేకపోతే మాత్రం ఇది కాగితం మీదే మిగులుతుంది.

## ఒప్పుకున్నాక

సాంక్షన్ వచ్చేసింది, ఇక మన పని అయిపోయినట్టేనా?

లేదు, జనం ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. సాంక్షన్‌కి టెండర్‌కి మధ్య నెలలు పోతాయి, టెండర్‌కి పనికి మధ్య వానలు వచ్చేస్తాయి, ఈలోపు సన్న పగుళ్లకి రాసిన ఎస్టిమేట్ గుంతలకి సరిపోదు. నెలకొకసారి ఒక్క ఫోన్, "ఫైల్ ఇప్పుడు ఎక్కడుందండి" అని. తిట్టడానికి కాదు, గుర్తుందని చెప్పడానికి.

పని సరిగ్గా చేస్తున్నారో లేదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

ప్యాచ్ వర్క్ అయితే కళ్లతోనే తెలుస్తుంది. గుంత అంచుల్ని గట్టి రోడ్డు తగిలేదాకా నిలువుగా, చదరంగా కోశారా? లోపల నీళ్లు, దుమ్ము తీసేశారా? మిశ్రమం వేసే ముందు అడుగున, అంచులకి తారు పూశారా? వేశాక రోలర్‌తో గానీ కంపాక్టర్‌తో గానీ నొక్కారా, పారతో తట్టి వదిలేశారా? అయ్యాక చుట్టూ రోడ్డుతో సమానంగా ఉందా? తడి గుంతలో మిశ్రమం పోసి వెళ్లిపోతే అది మళ్లీ లేస్తుంది. పైపొర పని అయితే వాన ఆగగానే వెళ్లి నీళ్లు పక్కకి పోతున్నాయా నిలుస్తున్నాయా చూడండి. అనుమానం ఉంటే పని ఆపించకండి, ఫోటో తీసి అదే రోజు ఇంజనీర్‌కి పంపండి.

ప్రతి ఏడాదీ ఇదే అడుగుతూ ఉండాలా?

అవును, కానీ ప్రతిసారీ మొదట్నుంచి కాదు. బడ్జెట్ ఎస్టిమేట్లు కింది ఆఫీసుల్లో తయారయ్యే నెల ఏదో తెలుసుకుని దానికి ఒక నెల ముందు మీ ఫోటోలు, నోటుబుక్కు, పోయినేడు ఇచ్చిన జవాబు తీసుకుని వెళ్లండి. బడ్జెట్ ప్రకటించాక వెళ్తే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. పోయినేడు కాలువ తీసిన చోట ఈ ఏడు రోడ్డు ఎలా ఉంది, తియ్యని చోట ఎలా ఉంది, ఆ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి అందరికన్నా ముందు ఆ ఇంజనీరు గారికే చూపించండి, పై ఆఫీసుకి పంపే ఫైల్లో ఆయన వాటిని తనే పెట్టుకుంటారు.